మా ఇల్లు ఇల్లు కాదని నేనే రాసిచ్చిన సంగతి

నా చేత్తో రాసిన ఒక్క కాగితంతో, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇంటిని ఇల్లు కాకుండా చేసుకున్నదాన్ని నేను. తుఫానుకి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, నిప్పంటుకుని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. గోడలు గోడల్లా నిలబడి ఉండగా, కప్పు నెత్తిమీద ఉండగా, పొయ్యిమీద అన్నం ఉడుకుతూ ఉండగా ఇల్లు పోగొట్టుకున్నదాని కోసం వెతికితే గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ నేనొక్కదాన్నే దొరుకుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. ఆ రోజున మాత్రం కల్లంలో మూడెండలు చూసిన మిరపకాయలాగా ముడుచుకుపోయాను.

ఇది ఎనభైల నాటి మాట. మా వీధి అప్పటిదాకా పంచాయతీలో ఉండేది. ఇంటి వెనక పత్తి చేలు, ముందు బండ్ల బాట. ఒకరోజు ఎవరో వచ్చి గోడమీద నంబరు వేసి, మీరు మునిసిపాలిటీలోకి వచ్చారన్నారు. మేము ఉన్నచోటే ఉన్నాం, మునిసిపాలిటీయే మా దగ్గరికి వచ్చింది. దానివల్ల మాకు ఒరిగింది ఏమీ లేదు, ఒక్క నిబంధనల పుస్తకం తప్ప.

అప్పుడే మా అమ్మాయి సునీతకి తొలిచూలు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని మా వైపు పట్టింపు. ఆ పురుడు పోయకపోతే పిల్లని కన్నదాన్ని కూడా నేను కానట్టే. అయితే మా వియ్యపురాలు రత్నమ్మగారు గుంటూరు మనిషి. వాళ్ళింట్లో కుళాయి తిప్పితే నీళ్ళు పడే బాత్రూము ఉంది. మా పెరట్లో తాటాకు తడికల చాటు తప్ప ఏమీ లేదు. ఆమె ఒకనాడు పనిగట్టుకుని వచ్చి, ఆ తడికలను పైనుంచి కిందిదాకా చూసి, మంచం అంచున కూచుంది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. పచ్చి బాలింత ఆ తడికల చాటున నీళ్ళు పోసుకోవడం నేను చూడలేను. మీరు బాత్రూము కట్టించండి, పిల్లని నేనే తీసుకొచ్చి దించి వెళ్తాను. కుదరదంటారా, పురుడు మా ఇంట్లో పోసుకుంటాం."

"కట్టిస్తానండి" అన్నాను పళ్ళు బిగబట్టి.

"నెలలు నిండేలోపు కట్టాలి మరి."

"నిండేలోపే కడతాను."

అంటే, సంగతి ఇదీ: బాత్రూము లేస్తే నా బిడ్డ నా ఇంట్లో కంటుంది. లేవకపోతే నేను పురిటికి చుట్టపుచూపుగా గుంటూరు బస్సెక్కి, సంచిలో రెండు బత్తాయిలు పట్టుకుని వెళ్ళాలి. ఆ బత్తాయిలు తలుచుకుని, బజారులో బత్తాయిల బండి వైపు చూడటమే మానేశాను.

పంచాయతీ రోజుల్లో అయితే నాలుగు రాళ్ళు దింపుకుని కట్టేసుకునేవాళ్ళం. ఇప్పుడు గది కట్టాలంటే మునిసిపాలిటీ అనుమతి కావాలట. ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ప్లాను గీసే ఆయన ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన చేత గీయించి, ఆయన చేతే దరఖాస్తు నింపించేవారు. నేను నింపించలేదు. ఎందుకో చెప్పాలంటే నా గుణం గురించి కొంచెం చెప్పాలి. అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించేదాన్ని. పాత క్యాలెండరు కాగితాల వెనక చాకలిపద్దు రాసేదాన్ని. అగ్గిపుల్లని నిలువునా చీలిస్తే రెండుసార్లు వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన కూడా ఒకటి రెండుసార్లు వచ్చిన మాట నిజం. అలాంటిదాన్ని, నాలుగు గీతలు గీసినందుకు ఇంకొకడికి డబ్బిస్తానా? నాకు పెన్సిలు లేదా, సునీత వదిలేసి వెళ్ళిన స్కేలు లేదా, మిషను బడిలో మూడో తరగతి దాకా చదువుకున్న చదువు లేదా?

ఆ మూడో తరగతే మా కొంప ముంచింది. అసలు చదువు రానిదాన్నయితే వేలిముద్ర వేసి ఊరుకునేదాన్ని.

దరఖాస్తులో ఒకచోట "కట్టడము ప్రస్తుతము ఏయే ఉపయోగములకు వాడబడుచున్నది" అని ఉంది. దాని కింద ఖాళీగా నాలుగు గీతలు. మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవాడు. నోరు విప్పితే అరిగిపోతుందనుకునే మనిషి. ఆయన కూడా నా భుజం మీదనుంచి తొంగిచూసి నోరు విప్పాడు.

"నివాసం అని రాయవే. చాలు."

"నాలుగు గీతలు ఇచ్చింది ఒక్కమాట రాయడానికా అండీ? మూడు గీతలు ఉత్తపుణ్యానికి పోవడం లేదూ?"

"పోతే మనదేం పోయింది, కాగితం వాళ్ళది."

"ఎవరిదైతేనేం, కాగితం కాగితమే. అయినా ఇంట్లో ఇన్ని పనులు జరుగుతుంటే ఒక్కటే జరుగుతుందని రాస్తే అబద్ధం కాదా? ఎంత ఇరుకులో బతుకుతున్నామో వివరంగా రాస్తే చూసినవాళ్ళకి జాలి పుట్టి, బాత్రూము తొందరగా ఇస్తారు."

ఆయన అరుగుమీదకి వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. నేను రాశాను. ముందుగదిలో మిరపకాయల బస్తాలు పెట్టుకుంటామని రాశాను. ధర వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి కదా. మిరపకాయలు పోయాక అదే గదిలో పత్తి పోసుకుంటామని రాశాను. పన్నెండుమంది ఆడకూలీలు కూచుని కాయలకి తొడిమలు తీస్తారని రాశాను. గురువారం గురువారం స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుందని, ముప్పైమందిదాకా వస్తారని కాస్త గర్వంగానే రాశాను. వసారాలో గేదెని కడతామన్నాను. నాలుగు గీతలు ఎప్పుడో అయిపోయాయి. కాగితం తిప్పి వెనకవైపు కూడా రాసి, చిట్టచివర ఇలా ముగించాను: "మిగిలిన చోట మేము పడుకొందుము."

ఇంత చక్కటి దరఖాస్తు ఆ ఆఫీసుకి అంతకుముందు వచ్చి ఉండదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిజమే అయింది.

రెండు వారాలకి ఒక జవాను వచ్చి మా తలుపుకి కాగితం అంటించి వెళ్ళాడు. అనుమతేమో అనుకుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. అందులో ఉన్నదేమంటే, నిర్వచనాల ప్రకారం ఎక్కువ భాగం సరుకు నిల్వకు వాడే కట్టడం గోడౌను. దరఖాస్తుదారు స్వయంగా రాసిచ్చిన వివరాలను బట్టి ఈ కట్టడం నివాసగృహం కిందకు రాదు. గోడౌనులో కాపలాదారు తప్ప ఇతరులు నివసించరాదు. కాబట్టి నివసిస్తున్నవారు ఖాళీ చేయాలి. నివాసమే కానిచోట స్నానాలగది అవసరం లేదు గనక అనుమతి నిరాకరించడమైనది.

నేను గడపలోనే కూలబడ్డాను. మా ఆయన మిల్లునుంచి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. లోపలికి వెళ్ళచ్చో లేదో తెలియలేదు.

ఆయన రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే మనిద్దరిలో కాపలాదారు ఎవరే?"

"ఏడిచినట్టుంది మీ వేళాకోళం."

"వేళాకోళం కాదే. ఒకరు ఉండచ్చంటున్నారుగా. రెండోవాళ్ళు ఎక్కడ పడుకోవాలో చూసుకోవాలి కదా."

మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ ఆఫీసుకి పోయాను. ఇన్‌స్పెక్టరు సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతూ, పాపం మంచివాడిలాగే ఉన్నాడు. బల్లమీద నా దరఖాస్తు విడిగా పెట్టి ఉంది. దాన్ని ఆఫీసంతా చదివినట్టున్నారు, నన్ను చూడగానే పక్క బల్లలవాళ్ళు తలలు దించుకున్నారు.

"బాబూ, అది ఇల్లు. మా ఇల్లు. నా పిల్లలు పుట్టిన ఇల్లు" అన్నాను.

"కూచోండమ్మా. ఇల్లు కాదని నేనన్నానా, మీరే రాశారు." ఆయన పుస్తకం తెరిచాడు. "ఇదిగో, ఇంటికి నిర్వచనం ఉంది. మీరు రాసినవాటిలో ఆ నిర్వచనానికి సరిపోయేది చివరి వాక్యం ఒక్కటే. మిగతా చోట పడుకుంటాం అన్నది. ఆ మిగతా చోటు ఎంత?"

"రెండు మంచాలు పడతాయి. ఒకటి అడ్డంగా వెయ్యాలి."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "అసలు మిమ్మల్ని గోడౌనులో వేసి మేలు చేశాను. ఇది చూడండి. పదిమందికి పైగా కూలీలు కూచుని పని చేసేది కర్మాగారం. పన్నెండుమంది అన్నారు మీరు."

"తొడిమలు తీస్తారు బాబూ. తొడిమలు తీయడం కర్మాగారమా?"

"పుస్తకంలో తొడిమలు తీసినా అంతే, ఇనుము కరిగించినా అంతే. ఇక గురువారం ముప్పైమంది. అది సభామందిరం. సభామందిరానికి రెండు తలుపులుండాలి, రెండూ బయటికి తెరుచుకోవాలి."

"మాకున్నది ఒకటే తలుపు. అదీ లోపలికి తెరుచుకుంటుంది. వానాకాలం అసలు తెరుచుకోదు."

పక్క బల్లాయన దగ్గు వచ్చినట్టు లేచి బయటికి పోయాడు.

నాకు మతిపోయింది. కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్ళనుంచి, తెలియకుండా నేను ఒక గోడౌనూ, ఒక కర్మాగారమూ, ఒక సభామందిరమూ ఒంటిచేత్తో నడుపుతున్నానన్నమాట. ఇంత చేస్తూ ఒక బాత్రూముకి నోచుకోలేదు.

"బాబూ, మా వీధి మొగలో కొట్లనిండా ఎరువులు, పత్తి బేళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళవి ఏం కాగితాలు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నీ నివాసాలేనమ్మా. ఈ ఊళ్ళో నా దగ్గరున్న కాగితాల ప్రకారం గోడౌను అనేది ఒక్కటే ఉంది. మీదే."

నేను ఏడ్చానని రాయడం నాకిష్టం లేదు. కళ్ళు చెమర్చాయి అనుకోండి. సునీత సంగతి, వియ్యపురాలి సంగతి, నిండుతున్న నెలల సంగతి చెప్పాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఒక పని చేద్దాం. వచ్చే శుక్రవారం నేనే తనిఖీకి వస్తాను. వచ్చేసరికి బస్తాలు, కూలీలు, గేదె, ఏదీ ఉండకూడదు. నా కళ్ళకి ఇల్లులా కనపడితే ఇల్లని రాసి, బాత్రూముకి అక్కడికక్కడే సంతకం పెడతాను. నేను ఏం చూస్తే అదే రాస్తానమ్మా, అది గుర్తుపెట్టుకోండి."

ఇక చూడండి నా ఆర్భాటం. బస్తాలు కల్లానికి తోలించాను. తొడిమల పని అక్కడే పెట్టించాను. కూడిక ఇంకొకరింటికి మార్పించాను. గేదెని రెండు వీధుల అవతల మా తమ్ముడింట్లో కట్టేయించాను. అంతటితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. ఇల్లు ఇల్లులా మాత్రమే కాదు, పెళ్ళివారిల్లులా కనపడాలని పట్టుదల పుట్టింది నాకు. శుక్రవారానికి తళతళలాడాలని గురువారమే సున్నం వేయించడానికి పూనుకున్నాను. సున్నం చుక్కలు పడతాయని మంచాలు, పెట్టెలు, బిందెలు, బియ్యం డబ్బా, ఆఖరికి గోడకున్న అద్దం కూడా పెరట్లోకి చేరవేశాం. వంట కూడా పెరట్లోనే మూడు రాళ్ళ మీద. ఇల్లు ఎంత ఖాళీ అయిందంటే, లోపల దగ్గితే ఎవరో బదులు దగ్గినట్టు వినపడింది.

ఇన్‌స్పెక్టరు గురువారం మధ్యాహ్నమే వచ్చాడు. శుక్రవారం కలెక్టరుగారు వస్తున్నారట, అందుకని ఒకరోజు ముందే వచ్చేశాడు.

నేను పెరట్లో సున్నపు చేతులతో ఉన్నాను. పిలుపు విని ముందుకు పరుగెత్తేసరికి ఆయన గుమ్మంలో టేపు పట్టుకుని నిలబడి లోపలికి చూస్తున్నాడు. కదలడం లేదు.

"ఎవరూ లేరమ్మా ఇందులో?"

"మేమున్నాం బాబూ, మేమే ఉంటాం" అంటూ ఆయన పక్కనుంచి తొంగిచూశాను.

ముందుగది మధ్యలో మా గేదె నిలబడి ఉంది.

తమ్ముడింట్లో కట్టుతాడు తెంపుకుని, రెండు వీధులూ దారి తప్పకుండా దాటి, తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా లోపలికి వచ్చేసింది. వసారాలో ఎండగా ఉంది కాబోలు, జన్మలో మొదటిసారి ముందుగదిలో అడుగుపెట్టింది. బస్తాలు పోయి చల్లగా, విశాలంగా ఉందేమో, దానికి నచ్చింది. మా ఇద్దర్నీ చూసి, ఇంటికొచ్చిన చుట్టాల్ని ఇల్లాలు చూసినట్టు చూసింది. తర్వాత నింపాదిగా పడుకుంది.

"మంచం లేదు, పొయ్యి లేదు, గిన్నె లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు నీరసంగా. ఇంతలో గోడల్లో మిగిలిన మిరపఘాటు ముక్కుకెక్కి వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు. తుమ్ముతుమ్ముకీ మధ్య సంచిలోంచి పుస్తకం, కార్బను కాగితం తీశాడు.

"ఏం రాస్తున్నారు బాబూ?"

"చూసింది రాస్తానని చెప్పాను కదమ్మా. గోడౌను అయితే కాదు, ఒప్పుకుంటున్నాను. మనుషులుంటున్న ఆనవాలు ఇందులో లేదు. ఉన్నది ఒక పశువు. దీనికి పుస్తకంలో ఉన్న మాట ఒకటే." సంతకం పెట్టి నకలు నా చేతిలో పెట్టాడు. పశువుల కొట్టం.

నా చేతి సున్నం ఆ కాగితానికి అంటింది. వెనక్కి తిరిగేసరికి వీధిలో రిక్షా ఆగింది. అందులోంచి ముందు రత్నమ్మగారు దిగింది, ఆమె భుజం పట్టుకుని నిండుకడుపుతో సునీత దిగింది. ఇంకా మూడు వారాలుందని నేను నిశ్చింతగా ఉంటే, బాత్రూము ఎందాకా వచ్చిందో చూద్దామని చెప్పకుండా వచ్చారు.

రత్నమ్మగారు పెరట్లో మంచాలు చూసింది, మూడు రాళ్ళ పొయ్యి చూసింది, ముందుగదిలో గేదెని చూసింది.

"వదినగారూ, ఇల్లు గేదెకి అద్దెకిచ్చారా?"

"కాదండీ, సున్నం వేయిస్తున్నాం."

"ఈయనెవరు?"

ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. కళ్ళు తుడుచుకుని నమస్కారం పెట్టాడు. "నేను మునిసిపాలిటీ నుంచి వచ్చానండి. ఇది నివాసగృహం కాదని తేల్చాం."

ఆమె వెనక్కి తిరిగింది. సునీత చెయ్యి పట్టుకుంది. "పద అమ్మాయ్. రిక్షా ఇంకా పోలేదు."

సునీత కదల్లేదు. రెండు చేతులతో నడుం పట్టుకుని, గుమ్మానికి ఆనుకుని, "అమ్మా, బస్సులో మొదలయింది. అత్తయ్యకి చెప్పడానికి భయమేసింది" అంది.

తర్వాత జరిగింది ఎవరు ఎలా చేశారో నాకు వరసగా గుర్తులేదు. గేదెని కొమ్ములు పట్టి బయటికి లాగింది రత్నమ్మగారు, అది మాత్రం గుర్తుంది, గుంటూరు మనిషని ఇక మళ్ళీ అననివ్వలేదు నన్ను. మంచం ఒకవైపు నేను, ఇంకోవైపు ఇన్‌స్పెక్టరు పట్టుకుని లోపలికి మోశాం. మా వీధిలోనే ఉండే నర్సు కరుణమ్మ పరుగెత్తుకొచ్చింది. పొద్దువాలేలోపు ఆడపిల్ల పుట్టింది. ఆ గదిలో ఘాటుకి ముందు తుమ్మింది, ఆ తర్వాతే ఏడ్చింది. బాలింతకి నీళ్ళు మళ్ళీ ఆ తడికల చాటునే పోశాం. తడిక కూడా కట్టడమేనని ఆ పుస్తకంలో ఎక్కడో ఉందట. ఇన్‌స్పెక్టరు ఆ పేజీ దాకా వచ్చి, మా ముఖాలు చూసి, పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

పురుడు నా ఇంట్లోనే జరిగింది. నేను గెలిచాననుకున్నాను, జనన ధ్రువపత్రం వచ్చేదాకా.

మా ఆయన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పిల్ల పుట్టిన చోటు రాయడానికి మునిసిపాలిటీ గుమాస్తా మా ఇంటి నంబరు పెట్టి రికార్డు చూశాడు. రికార్డులో ఏముంటే అది గుండ్రటి అక్షరాలతో ఎక్కించాడు. పుట్టిన చోటు: పశువుల కొట్టం. నేను ఆఫీసుకి పరుగెత్తాను.

"మార్చచ్చమ్మా. అది ఇల్లని రుజువు కాగితం తెండి" అన్నాడు గుమాస్తా.

"ఆ రుజువు ఎవరిస్తారు?"

"మేమే ఇస్తాం."

"అయితే ఇవ్వండి."

"అది ఇల్లయితే ఇస్తాం."

నెలలోపు పిల్లని గుంటూరులో వాళ్ళ చర్చికి, బిడ్డని దేవుడికి అప్పగించే ప్రతిష్ఠకి తీసుకెళ్ళాం. రిజిస్టరులో ఎక్కించడానికి పాస్టరుగారు ధ్రువపత్రం అడిగారు. రత్నమ్మగారు అంతవరకు దాన్ని చదవలేదు, నేను చదవనివ్వలేదు. ఆయన గుడినిండా జనం వింటుండగా పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు చదివి, పుట్టిన చోటు అని మొదలుపెట్టి ఆగారు. కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. తర్వాత పైకే చదివారు.

రత్నమ్మగారు మెల్లగా నావైపు తిరిగింది. ఆ చూపుకి నేను కూచున్న బల్ల కిందికి దూరిపోయే దారి ఉందా అని చూశాను. లేదు, కాళ్ళు అడ్డం.

పాస్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఎందరో బిడ్డల్ని ఈ చేతుల్లోకి తీసుకున్నాను. పశువుల కొట్టంలో పుట్టిన బిడ్డని మాత్రం ఎత్తుకోవడం ఇదే మొదలు. అలా పుట్టిన ఒక్కరి గురించి ప్రతి క్రిస్మసుకీ చెబుతూ వచ్చాను, అంతే."

అంతే, ముందు బల్లలో ముసలమ్మ లేచింది. ఆమె వెనక ఇంకొకామె. పిల్లని ఒకసారి ముట్టుకుందామని ఆడవాళ్ళంతా వరసకట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ రత్నమ్మగారిని అడిగింది, "ఇది ఎలా జరిగిందమ్మా?" అని.

నేను నోరు తెరిచి, ఉన్నదున్నట్టు మొదటినుంచీ చెప్పబోయాను. రత్నమ్మగారు నా మోకాలిమీద చెయ్యి వేసి నొక్కింది. పిల్లని ఒళ్ళో సర్దుకుని, చీర కొంగు సరిచేసుకుని, నిటారుగా కూచుంది.

"అనుకుని చేశామండీ" అంది. "మా వదినగారు ఇల్లంతా ఖాళీ చేయించి సిద్ధం చేశారు. బాత్రూములున్న ఇళ్ళల్లో ఎవరైనా పుడతారు."

ఆ మాట విని నేను నిర్ఘాంతపోయిన తీరు ముందు మునిసిపాలిటీ కాగితాలు రెండూ ఏ మూలకీ చాలవు.

కాబట్టి, చదివే మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ సర్కారు కాగితమైనా నా ఇల్లు దేనికి వాడుతున్నావని అడిగితే, ఉండడానికి అని ఒకే ఒక్క మాట రాసి కలానికి మూత పెట్టేస్తాను. కింద ఎన్ని గీతలు ఖాళీగా మిగిలినా, వాటిని చూసి నా ప్రాణం ఎంత గిలగిల్లాడినా, చెయ్యి కదపను. ఇంకేమైనా చెప్పాల్సి వస్తే మా వియ్యపురాలిని పంపిస్తాను.